నిల్ రిపోర్టు కూడా రిపోర్టే

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను కాసేపు మాట్లాడమన్నారు. కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు వేదిక మీద ఉన్నారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి అధ్యక్షులవారు ఇప్పుడే చక్కగా చెప్పారు. అందుచేత నేను వేరే విషయం ఎత్తుకుంటాను. పీతల గురించి మాట్లాడతాను. వెనక వరుసలో నవ్వుతున్న మిత్రులు కాస్త ఓపిక పడితే, ఇది మన సంఘానికి ఎందుకు సంబంధించిన విషయమో చివర్లో మనవి చేస్తాను.

2023లో మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. వాళ్ళది పడమటి కోస్తాలోని వాషింగ్టన్ రాష్ట్రం. సియాటిల్ నగరానికి ఉత్తరంగా కారులో గంటకు పైగా వెళితే పడిల్లా బే అనే అఖాతం వస్తుంది. ఒక ఆదివారం అల్లుడు అక్కడికి తీసుకెళ్ళాడు. మేము వెళ్ళేసరికి సముద్రం పాటు మీద ఉంది. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట కనుచూపు మేర పచ్చగా పరుచుకుని ఉంది. వరి నాటిన చేలో నీళ్ళు తీసేసి ఆకులన్నీ ఒకవైపు పడుకోబెట్టినట్టుగా ఉంది. "నాచు బాగా పట్టింది" అన్నాను. "నాచు కాదు తాతయ్యా, గడ్డి. దీనికి పువ్వులు కూడా పూస్తాయి" అంది మా మనవరాలు.

అమ్మాయి చెప్పింది నిజమే. నాచుకు నిజమైన వేళ్ళు ఉండవు. ఈ సముద్రపు గడ్డికి వేళ్ళుంటాయి, బురదలో అడ్డంగా పాకే దుంప కాడ ఉంటుంది, ఉప్పునీటి లోపలే పువ్వు పూసి విత్తనం కడుతుంది. ప్రపంచంలో ఇలాంటి గడ్లు 70 రకాలకు పైగా ఉన్నాయి. మన దేశంలో పాక్ జలసంధిలో, మన్నారు సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, పక్కనే ఒడిశాలోని చిలికా సరస్సులో ఉన్నాయి. పడిల్లా బేలో ఉన్నదాన్ని అక్కడివారు ఈల్ గ్రాస్ అంటారు. ఆ ఒక్క అఖాతంలోనే అది దాదాపు 8 వేల ఎకరాల్లో ఉంది.

ఆ గడ్డి చేసే పని పెద్దది. వేళ్ళతో బురదను పట్టి ఉంచుతుంది. అలల జోరు తగ్గించి నీటిని తేటపరుస్తుంది. హెర్రింగ్ చేపలు దాని ఆకులకు గుడ్లు అంటిస్తాయి. సాల్మన్ చేప పిల్లలు, అక్కడివారు ప్రాణప్రదంగా తినే డంజెనెస్ పీత పిల్లలు అందులోనే తలదాచుకుని పెరుగుతాయి. బ్రాంట్ అనే బాతులు చలికాలంలో దాన్ని మేసి బతుకుతాయి. మన భాషలో చెప్పాలంటే అది సముద్రానికి నారుమడి. నారుమడి పోతే చేలో ఏముంటుంది?

ఇక ఆ నారుమడిలో పడ్డ పశువు సంగతి. దాన్ని యూరోపియన్ ఆకుపచ్చ పీత అంటారు. పేరు ఆకుపచ్చే గాని రంగు ఎరుపుగానూ, పసుపుగానూ కూడా ఉండవచ్చు. బాగా పెరిగినా డిప్ప వెడల్పు నాలుగంగుళాలు దాటదు. మన మండ పీత పక్కన పెడితే పసిపిల్ల. గుర్తుపట్టడానికి ఒకటే ఆనవాలు: కంటి పక్క నుంచి డిప్ప అంచు వెంట ఒక్కో వైపు అయిదు ముళ్ళు. ఒక ఆడ పీత ఒక్క విడతలో లక్షన్నరకు పైగా గుడ్లు మోయగలదు. పిల్లలు కొన్ని వారాల పాటు నీటి ప్రవాహంలో తేలుతూ ఎక్కడికి కొట్టుకుపోతే అక్కడ దిగుతాయి.

దీని పుట్టిల్లు యూరప్, ఉత్తర ఆఫ్రికా తీరాలు. ఓడలనంటుకుని అట్లాంటిక్ దాటింది. 1817లో మసాచుసెట్స్ తీరంలో కనిపించినట్టు దాఖలా ఉంది. మెల్లగా ఉత్తరానికి పాకి 1950ల నాటికి మెయిన్ రాష్ట్రంలో గుల్లలు ఏరుకుని బతికేవాళ్ళ పొట్ట కొట్టింది. 1989 ప్రాంతంలో పడమటి కోస్తాన శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో బయటపడింది. 1998లో వాషింగ్టన్ రాష్ట్రపు బయటి తీరానికి చేరింది. 2022లో అలాస్కాలో అడుగుపెట్టింది.

పీత మాంసం తినేది కదా, గడ్డితో దానికేం పని అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. అది బురదలో గుల్లల కోసం తవ్వుతుంది. మన కోళ్ళు పెరట్లో పాదులు కెలికినట్టు కెలుకుతుంది. ఆ తవ్వకంలో గడ్డి వేళ్ళతో సహా లేచిపోతుంది. పట్టకార్ల లాంటి ముందుకాళ్ళతో మొదలు దగ్గర తెంచుతుంది. పిల్ల పీతలైతే ఆకు పుట్టే మెత్తటి మొదలునే కొరుకుతాయి. ఆకు చివర తెగితే మళ్ళీ పెరుగుతుంది గాని మొదలు తెగిన మొక్క నీళ్ళ మీద తేలిపోతుంది. గడ్డి పలచబడితే బురద కదులుతుంది, నీళ్ళు మురికవుతాయి, మిగిలిన గడ్డికి వెలుతురు అందదు. మొదటి దెబ్బ పీతది, రెండో దెబ్బ మురికిది.

మాటలు చాలు, లెక్కలు చెప్పమంటారా? కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ దీవి దగ్గర ప్లసెన్షియా బే అనే అఖాతం ఉంది. అక్కడ ఈ పీత 2007లో కనిపించింది. 1998 నాటి కొలతలతో 2012 నాటివి పోల్చి చూస్తే గడ్డి సగానికి పడిపోయింది. పీతలు ముందుగా చేరి ఎక్కువగా ఉన్న చోట్ల పూర్తిగానే పోయింది. చేపలు పదో వంతుకు తగ్గాయి. నోవా స్కోషియాలో కెజిమ్‌కుజిక్ జాతీయ ఉద్యానవనపు సముద్రతీర భాగంలో 1987లో ఉన్న గడ్డిలో 2010 నాటికి 2 శాతమే మిగిలింది. బ్రిటిష్ కొలంబియాలో శాస్త్రజ్ఞులు గడ్డి మీద దడులు కట్టి, కొన్నింటిలో ఈ పీతల్ని దండిగా వదిలి చూశారు. నాలుగు వారాల్లో ఆ దడుల్లో మూడు వంతుల గడ్డి పోయింది. గడ్డి తగ్గడానికి నీరు వేడెక్కడం, పడవల తాకిడి, తెగుళ్ళు కూడా కారణాలే. నేరమంతా పీత మీదే నెట్టడం న్యాయం కాదు. అందుకే దడులు కట్టి వేరుగా పరీక్షించారు.

మా బావమరిదికి ఈ సంగతి ఫోనులో చెబితే, "బావగారూ, ఇంత గొడవెందుకు? పట్టి పులుసు పెట్టుకుంటే సరిపోదా?" అన్నాడు. సమంజసమైన ప్రశ్నే. కాని ఆ పీతలో డిప్పే గాని కండ లేదు. పైగా దానికి బజారులో ధర కట్టామా, లేని చోట తెచ్చి వదిలే ప్రబుద్ధులు బయల్దేరతారు.

పట్టి పారేయడంలోనూ ఒక చిక్కుంది. కాలిఫోర్నియాలో సీడ్రిఫ్ట్ లగూన్ అని చిన్న కయ్య ఉంది. 2009 నుంచి అక్కడ శాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద సేవకులు కలిసి ఈ పీతల్ని పట్టడం మొదలుపెట్టారు. లక్షా పాతిక వేల సంఖ్యను 2013 నాటికి పది వేల లోపుకు దించారు. అందరూ సంతోషించారు. మరుసటి ఏడాది చూస్తే మూడు లక్షలున్నాయి! పెద్ద పీతలు పిల్ల పీతల్ని తింటాయి. పెద్దవాటిని ఏరేసేసరికి పిల్లలకు అడ్డు లేకుండా పోయింది. అప్పటినుంచి నేర్చుకున్నదేమిటంటే, పూర్తిగా పాతుకుపోయిన చోట నిర్మూలన అనే మాట కట్టిపెట్టి, గడ్డి తట్టుకోగల మట్టానికి దించి, ఆ మట్టంలోనే ఏటేటా ఉంచాలి. కెజిమ్‌కుజిక్‌లో అదే చేశారు. పది లక్షలకు పైగా పీతల్ని తీశారు. 2 శాతానికి పడిపోయిన గడ్డి, 1987 నాటి విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా తిరిగి వచ్చింది. కాని ఆ పని ఆపడానికి లేదు.

ఇంకా పాతుకుపోని చోట మాత్రం వేరే దారి ఉంది. వచ్చిన మొదటి పీతను కనిపెట్టడం. ఇక్కడే నాకు కళ్ళు తెరుచుకున్నాయి.

మా అమ్మాయి వాళ్ళ వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా సీ గ్రాంట్ అనే సంస్థ నడిపే క్రాబ్ టీమ్‌లో ఆయన సభ్యుడు. అందులో మనలాంటి రిటైరైనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకొకసారి తమకు అప్పగించిన ఉప్పుకయ్యకు వెళ్తారు. మన కొల్లేటి మావుల్లాంటి బోనులు ఆరు పెట్టి, ఎర వేసి, రాత్రంతా ఉంచుతారు. మర్నాడు తీసి, పడిన ప్రతి ప్రాణినీ జాతి వారీగా లెక్క రాసి తిరిగి నీళ్ళలో వదులుతారు. ఒడ్డున పీతలు వదిలేసిన పాత డిప్పలు కూడా ఏరి చూస్తారు.

జూలైలో ఆయన నన్ను వెంట తీసుకెళ్ళి ఒడ్డున నిలబడి చూడనిచ్చాడు. మోకాటి లోతు బురదలో ఆ ముసలాయన, మరో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళూ అరవై దాటినవాళ్ళే, రెండు గంటలు పనిచేశారు. చిన్న చిన్న స్థానిక పీతలు వందల్లో పడ్డాయి. చేపలు పడ్డాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. చివరికి ఫారంలో 'ఆకుపచ్చ పీత' అన్న గడి దగ్గర ఆయన పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా చుట్టాడు.

"ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?" అన్నాను. "ఆరేళ్ళు" అన్నాడు. "ఎన్ని దొరికాయి?" అంటే, "ఒక్కటీ లేదు" అని నవ్వాడు. సున్నా రాయడానికి ఇంత కష్టమెందుకని అడిగాను. "ఈ సున్నా నిజమైనదైతేనే, రేపు నేను ఒకటి అని రాసినప్పుడు అదే మొదటిదని వాళ్ళు నమ్ముతారు" అన్నాడు.

ఇది ఊరికే చెప్పిన మాట కాదు. 2016 ఆగస్టులో సాన్ హువాన్ దీవిలోని వెస్ట్‌కాట్ బేలో ఇలాంటి సేవకుల బోనులోనే ఆ రాష్ట్రపు లోపలి జలాల్లో మొదటి ఆకుపచ్చ పీత పడింది. మరుసటి నెలలోనే పడిల్లా బేలో కూడా దొరికింది. వెంటనే అక్కడంతా బోనులు పెట్టి గాలించారు. మొదట్లో దొరికినవి వేళ్ళ మీద లెక్కించేటన్నే. దీనికి భిన్నంగా, కాస్త ఉత్తరాన లమ్మి అనే ఆదివాసుల సముద్రపు చెరువులో అది బలపడిపోయింది. 2021 ఒక్క ఏడాదిలో వాళ్ళు 70 వేలకు పైగా పట్టవలసి వచ్చింది. ఆ నవంబరులో లమ్మి పాలకమండలి విపత్తు ప్రకటించింది. 2022 జనవరిలో ఆ రాష్ట్ర గవర్నరు అత్యవసర ఉత్తర్వు జారీ చేశాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక నాకు భోజనం సయించలేదు. కారణం చెప్పడానికే ఈ సభకు వచ్చాను.

మిత్రులారా, మనందరికీ పీరియాడికల్ రిజిస్టరు తెలుసు. నిల్ రిపోర్టు తెలుసు. నేను యూడీసీగా ఒక ఆఫీసులో పనిచేసినప్పుడు, ఆ పేరు చెప్పను, మురుగు కాల్వల్లో అడ్డంకుల మీద నెలనెలా ఒక రిపోర్టు పంపే బాధ్యత నా సీటుది. కింది ఆఫీసుల నుంచి 'నిల్' అని వచ్చేది. ఒక నెల రాకపోతే కిందటి నెల ఆఫీసు కాపీ తీసి తేదీ మార్చి టైపు చేయించేవాణ్ణి. ఎవరూ కాల్వ మొహం చూసి రాసినది కాదు. అందరం అదే చేసేవాళ్ళం.

ఒకసారి ఒక చిన్నరైతు దగ్గర నుంచి కాగితం వచ్చింది. తమ ఊరి మురుగు కాల్వలో ఊదారంగు పూల మొక్క కొత్తగా కనబడుతోందనీ, ఇప్పుడు గుప్పెడే ఉందనీ, ఇద్దరు కూలీలను ఒక పూట పంపితే పోతుందనీ రాశాడు. అది గుర్రపు డెక్క అని ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు. నేను నోటు పెట్టాను: తాజా నెలవారీ నివేదిక ప్రకారం అడ్డంకులు 'నిల్' అయినందున ఈ కాగితాన్ని లాడ్జి చేయవచ్చును. సూపరింటెండెంటుగారు సంతకం పెట్టారు. ఎల్.డిస్. నంబరు పడింది. అంటే ఏడాది దాటితే కాగితం తగలబెట్టవచ్చు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఆ కాల్వ మొత్తం డెక్క కమ్మేసింది. పెద్ద వాన కురిసినప్పుడు నీళ్ళు తీయలేదు. అప్పుడే నాటిన చేలు వారానికి పైగా మునిగి కుళ్ళిపోయాయి. ఒకరోజు ఒకాయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. తిట్టలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. "బాబూ, అప్పట్లో నేనొక కాగితం పంపాను. అందిందా?" అన్నాడు. "చూస్తాను" అన్నాను. చూడటానికేముంది? అప్పటికి ఆ కాగితం బూడిదైంది. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆయన ముఖం ఇప్పటికీ నాకు జ్ఞాపకమే.

ఆ పోస్టాఫీసు పెద్దాయన సున్నాకూ నా సున్నాకూ తేడా అది. ఆయన బురదలో దిగి సున్నా రాశాడు. నేను కుర్చీలో కూర్చుని రాశాను. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి.

మన దగ్గర ఆకుపచ్చ పీత లేదు. అది చల్లటి నీళ్ళ ప్రాణి. కాని మన కాల్వల్లో గుర్రపు డెక్క ఉంది. పొలం గట్ల మీద వయ్యారిభామ ఉంది. పోరంబోకుల్లో సర్కారు తుమ్మ ఉంది. అక్వేరియంల కోసం తెచ్చి నీళ్ళలో వదిలేసిన దక్షిణ అమెరికా దెయ్యం చేప కృష్ణలో, కొల్లేటిలో వలలు చింపుతోంది. ఇవన్నీ ఒకరోజు గుప్పెడుగా వచ్చినవే. ఆ రోజు చూసినవాడు ఎవడో ఉండే ఉంటాడు. వాడి కాగితం ఏమైందో మనలాంటి గుమాస్తాలకే తెలియాలి.

కనుక సంఘానికి నాదొక చిన్న విన్నపం. మనలో పొద్దున్నే నడకకు వెళ్ళేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఎలాగూ నడుస్తాం కాబట్టి చెరువు గట్టు మీదో, కాల్వ గట్టు మీదో నడుద్దాం. ఒక్కొక్కరు ఒక్కో గట్టు పంచుకుందాం. వారానికొకసారి తేదీ వేసి, చూసింది నోటుబుక్కులో రాద్దాం. కొత్త మొక్కో, కొత్త చేపో కనబడితే సెల్‌ఫోనులో ఫోటో తీద్దాం. తెలియని ప్రాణిని మాత్రం చంపవద్దు. ఆ దేశంలో కూడా సొంత పీతల్ని పొరపాటున చంపుతున్నారని, ఫోటో తీసి పంపండి చాలునని ప్రజలను కోరుతున్నారు. వ్యవసాయ శాఖకో, మత్స్యశాఖకో, పురపాలక సంఘానికో అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకుందాం. అర్జీ ఎలా రాయాలో, రిమైండరు ఎప్పుడు వేయాలో మనకు ఒకరు నేర్పాలా? ఏమీ కనబడకపోతే 'నిల్' అని రాద్దాం. కాని చూసి రాద్దాం.

తిరిగి వచ్చాక 2024 జనవరి నుంచి మా ఇంటి దగ్గరి చెరువుకు నేను ఒక నోటుబుక్కు పెట్టాను. దాదాపు అన్ని పేజీలూ నిల్‌లే. ఆగస్టులో ఒకరోజు తూము దగ్గర మూలలో డెక్క మొక్కలు పన్నెండు కనబడ్డాయి. అర్జీ ఇచ్చాను. రెండు వారాలు చూసి రిమైండరు వేశాను. మూడో వారంలో మా మనవడి వయసు కుర్రాడు, కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటట, మోటారు సైకిల్ మీద నేరుగా చెరువు గట్టుకే వచ్చాడు. "మీ కాగితం అందింది సార్. ఎక్కడో చూపించండి" అన్నాడు. చూపించాను. సాయంత్రానికి ఇద్దరు మనుషులు వచ్చి తీసేశారు.

ఆ కుర్రాడికి నేను ఎందుకు చేతులెత్తి నమస్కారం పెట్టానో పాపం వాడికి అర్థం కాలేదు. మీకు అర్థమవుతుందనుకుంటాను.

డెక్క మళ్ళీ వస్తుంది. తెలుసు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి చూస్తాను. తోడు రాదలచినవారు ఉదయం ఆరు గంటలకు తూము దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాను.